ఎడమ చెయ్యి

"తెలిసినవాళ్ళు కుడి చెయ్యి ఎత్తండి. తెలియనివాళ్ళు ఎడమ చెయ్యి. మొత్తానికి అందరి చేతులూ లేవాలి. బయట ఎవరికీ చెప్పకూడదు. అర్థమైందా?"

సోమవారం మూడో తరగతికి తుయెత్ టీచర్ చెప్పిన మొదటి పాఠం అది.

శుక్రవారం జిల్లా నుంచి పెద్దలు వస్తున్నారు, ఆమె పాఠం చెప్పే తీరు చూడటానికి. వచ్చే ఏడు ఆమె రిటైరవుతుంది. ఉత్తమ ఉపాధ్యాయిని బిరుదు ముప్ఫై ఏళ్ళుగా అందినట్టే అంది జారిపోతోంది. ఇదే ఆఖరి అవకాశం.

అందుకే వారమంతా ఒకే భాగహారం. అవే ప్రశ్నలు, అవే జవాబులు. చూసేవాళ్ళకి మాత్రం ఆ రోజే కొత్తగా చెబుతున్నట్టుండాలి.

చివరి బెంచీలో కూర్చునే సెన్‌ది ఎడమ చెయ్యి.

"నన్నెప్పుడు అడుగుతారు టీచర్?"

"ముందు ఈ శుక్రవారం గడవనీవే. నీ వంతు తర్వాత ఇస్తాలే."

బుధవారం బడి వదిలేసరికి జోరున వాన. పడవ దిగి వచ్చిన ఒకావిడ తలదాచుకోవడానికి బడి అరుగెక్కింది. అక్కడ సెన్ ఒక్కతే కూర్చుని ఉంది.

"ఏంటే, మొహం అలా పెట్టావు?"

"ఇరవై మూడు నలుగురికి పంచాలట. నాకు రాదు."

ఆవిడ సంచిలోంచి సీతాఫలం తీసి విప్పింది. ఇద్దరూ తిన్నారు. గింజలు లెక్కపెట్టి ఇరవై మూడు పక్కన పెట్టారు.

"ఇప్పుడు పంచు."

సెన్ పంచింది. "తలా అయిదు... మూడు మిగిలాయి!"

"ఎవరమ్మా నువ్వు?" తుయెత్ టీచర్ గుమ్మంలోకి వచ్చింది. "ఇదేమన్నా సంత అనుకున్నావా? ఈ చెత్తంతా ఎవరు ఊడుస్తారు?"

ఆవిడ లేచి నిలబడి, టీచర్ మొహంలోకి కాసేపు చూసింది. ఇంకేదో మాట వస్తుందని ఎదురుచూసినట్టుంది. రాలేదు. గింజలు ఏరుకుని వానలోనే వెళ్ళిపోయింది.

గురువారం సెన్ కుడి చెయ్యి ఎత్తింది.

"దించు. నీది ఎడమ కదా?"

"నాకు వచ్చేసింది టీచర్!"

"వచ్చినా ఎడమే. రేపు తడబడితే నా పరువేం కాను?"

సెన్ చెయ్యి మార్చింది.

శుక్రవారం నలుగురు పెద్దలు వచ్చి వెనక కూర్చున్నారు. అందులో ఒకరు వానలో వచ్చినావిడే. తుయెత్ టీచర్ చప్పున బోర్డు వైపు తిరిగిపోయింది.

అయినా పాఠం నల్లేరు మీద బండిలా సాగింది. ప్రశ్న అడగ్గానే నలభై చేతులు లేచాయి.

"టీచర్," అందావిడ, "ఎడమ చెయ్యి ఎత్తిన ఆ పాపని అడగండి."

సెన్ లేచి టీచర్ వంక చూసింది. కూర్చోమన్నాయి టీచర్ కళ్ళు. కానీ ఇన్నాళ్ళకి వచ్చిన పిలుపు.

"తలా అయిదు. మూడు మిగులుతాయి."

"బాగా చెప్పావు. మిగతా ఎడమ చేతులవాళ్ళూ లేవండి."

తొమ్మిది మంది లేచారు. ఒక్కరి నోరూ పెగల్లేదు. పెద్దలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. బిరుదు సంగతి అక్కడితో సరి.

వాళ్ళు బయటికి నడిచారో లేదో, టీచర్ సెన్ మీద విరుచుకుపడింది.

"సీతాఫలం ముక్కకి నన్ను అమ్మేశావు కదే!"

"నేను చెప్పలేదు టీచర్."

"చెప్పకపోతే ఆవిడకి కలొచ్చిందా? నమ్మినందుకు ఇంత ద్రోహమా!"

సెన్ వెక్కి వెక్కి ఏడ్చింది. పిల్ల నిజంగానే చెప్పలేదు. చెప్పొద్దన్నది టీచర్ కాబట్టి, అమ్మకి కూడా చెప్పలేదు.

టీచర్ కోపం చల్లారలేదు. ఆవిడనే నిలదీద్దామని రేవుకి పరుగెత్తింది. పడవ అప్పటికే ఏటి మధ్యలో ఉంది.

తిరిగి వచ్చేసరికి బల్ల మీద అభిప్రాయాల పుస్తకం తెరిచి ఉంది. అందులో ఆవిడ రాసింది రెండే వరుసలు.

"టీచర్, మీరు తర్వాత ఇస్తానన్న నా వంతు ఇంకా రాలేదు.

ఇట్లు, లే థి థోమ్, ఇరవై ఆరేళ్ళ కిందటి మీ మూడో తరగతి, చివరి బెంచీ, ఎడమ చెయ్యి."