మూలలు నాకిన పాకెట్టు

ఇప్పుడు చిప్సు పాకెట్లలో మైదా, పామాయిలు ఎక్కడా లేవు. కొత్త చిప్సు ఏవి బజారుకెక్కాలన్నా చెత్త ఏరే కార్మికుల సంతకం కావాలి. రుచి ఎలా ఉందని అడిగితే తిన్నవాళ్ళందరూ బాగుందనే అంటారు. నిజం చెప్పేది చెత్తబుట్టలోని పాకెట్టే.

కంపెనీలో రుచులు తయారుచేసే నిరుపమ, తన జొన్న చిప్సు కోసం గాజువాక చెత్త షెడ్డుకి రావడం ఇది నాలుగోసారి. మూడుసార్లూ అక్కడ చెత్త ఏరే సింహాద్రమ్మ, జనానికి పంచిన నమూనా పాకెట్లు సగం మిగిలి ఉండటం చూపించి తిప్పి పంపింది.

ఈరోజు సింహాద్రమ్మ నిలువునా చింపిన ఖాళీ పాకెట్టును వెలుతురుకి ఎత్తి పట్టింది.

"సూడమ్మా, మూలలు కూడా నాకేసినారు. పాసైపోనావు."

నిరుపమ కళ్ళు తుడుచుకుని కాగితం అందించింది. సింహాద్రమ్మ చేతులు కడుక్కుని, తాపీగా సంతకం పెట్టింది.

"పాకెట్టు మీద నా పేరు పెద్దచ్చరాల్తో ఏయించు. ముప్పయ్యేళ్ళు సెత్తలో కంపినీల పేర్లు నాను సదివినాను. ఇక నా పేరు ఆళ్ళు సదవాల."