భుజాల కొలత

ఎర్లాండ్ పందెం బండి బోను గొట్టాలను రెండు పక్కలా కోసి, నాలుగేసి వేళ్లు లోపలికి జరిపి, మళ్లీ వెల్డింగు పెట్టాడు. ముఖానికున్న అద్దం పైకెత్తి చూసుకున్నాడు. అతుకు కనపడటం లేదు.

పక్క పొలం సిక్స్టెన్ షెడ్డు తలుపు దగ్గర కాఫీ కప్పు పట్టుకుని అంతా చూశాడు.

"ఇందులో మీ తమ్ముడి తొడ ఒకటి పడుతుందేమో. రెండోది ఎక్కడ పెట్టుకుంటాడు?"

"కొలత తప్పింది."

"ఇన్నేళ్లుగా తప్పని కొలత ఇప్పుడు తప్పిందా?"

ఎర్లాండ్ పెదవి కింద పొగాకు పొట్లం సర్దుకుని ఆకురాయి అందుకున్నాడు.

ఆ బండికి ఒకటే సీటు. ముందు పొడుగాటి ముక్కు, దాని వెనక పాతకాలపు ఫ్లాట్‌హెడ్ రకం ఇంజను, ఆ వెనక ఇరుసు. ఇరుసుకి కూడా వెనక, రెండు లావుపాటి చక్రాల నడుమ, నడిపేవాడి బోను. దాన్ని మనిషి భుజాలకు కొలిచి కడతారు, చొక్కా కుట్టినట్టు. ఇన్నేళ్లూ అది తమ్ముడు హెన్నింగ్ కొలత. హెన్నింగ్ నూట పదిహేను కిలోల మనిషి. ఎర్లాండ్ చిన్నప్పటినుంచీ బక్కపలచన. ఇప్పుడు పెట్టిన కొలత అతని భుజాలదే.

ఇంజను పని మొత్తం ఎర్లాండ్‌దే. కలప లారీలోంచి దింపిన పాత ఇంజను. ఏటా చలికాలం దాన్ని పూర్తిగా విప్పేవాడు. బ్లాకుకి కిరసనాయిలు పట్టించి, తుడిచి, పైన సుద్ద పూసి, నెర్రె ఏదైనా ఉంటే తడి బయటపడుతుందని పొద్దస్తమానం దాని ముందే కూర్చునేవాడు. జూన్‌లో, పాత మిలిటరీ రన్‌వే మీద జరిగే పందెంలో, ఊళ్ల జనమంతా చూస్తుండగా దాన్ని ఉరికించేది మాత్రం తమ్ముడు.

మా వైపు సీటు ఎవరూ నోరు తెరిచి అడగరు. ఇస్తే తీసుకుంటారు. ఆకులు రాలే రోజుల్లో బండికి గుడ్డ కప్పుతూ హెన్నింగ్ ఏటా అనేవాడు, "వచ్చే ఏడు నువ్వు కూర్చో అన్నయ్యా" అని. జూన్ వచ్చేసరికి తనే కూర్చునేవాడు. ఎర్లాండ్ వంగి బెల్టులు బిగించేవాడు. అరవై ఆరు దాటాయి. ఒక్కసారి, చచ్చేలోపు ఒక్కసారి, ఆ ఇంజను వేడి తన మొహానికి కొట్టాలి. అతనికి ఇంకే కోరికా లేదు.

పోయినేటి దాకా శనివారం శనివారం యేవ్లె పట్నం నుంచి సాసేజీలు పట్టుకుని వచ్చేవాడు హెన్నింగ్. పని ముట్టుకోకపోయినా కబుర్లు చెప్పేవాడు. ఈ చలికాలం గడప తొక్కితే ఒట్టు. ఫోను చేస్తే భార్య సివ్ ఎత్తేది.

"పడుకున్నారు బావగారూ."

"మిట్టమధ్యాహ్నమా?"

"లేచాక చేయిస్తాను."

చేసేవాడు కాదు. మంచు కరిగాక ఎప్పుడో ఒకసారి చేశాడు.

"బండి ఎంతదాకా వచ్చింది అన్నయ్యా?"

"వచ్చి చూసుకోడానికి కాళ్లు లేవా?"

"నీ షెడ్డులో చలి."

"మంచులో చొక్కా విప్పుకుని తిరిగిన వెధవ్వి. నీకు చలా?"

హెన్నింగ్ నవ్వాడు. "జూన్‌లో మాత్రం నేనే నడుపుతా. ఈ ఒక్కసారికి."

"ఏటా ఒక్కసారేగా."

"సీటులో కాస్త మెత్త వెయ్యి."

"మెత్తా? దొరగారికి పట్టుపరుపు కుట్టించమంటావా?"

"కుట్టిస్తే వద్దంటానా."

ఎర్లాండ్ ఫోను పెట్టేశాడు. ఆ మర్నాడే గొట్టాలకు రంపం పెట్టాడు. మెత్త సంగతి మరిచిపోనూ లేదు, వేయనూ లేదు.

పందెం రోజు ఎండ బాగా కాసింది. ఎర్లాండ్ పాత కోటు కింద సిక్స్టెన్ దగ్గర అరువు తెచ్చిన పందెం సూటు తొడుక్కుని ఉన్నాడు. బండ్లను వరసలోకి పిలిచారు. హెన్నింగ్ జాడ లేదు.

"రాడులే. నువ్వే ఎక్కేసెయ్," అన్నాడు సిక్స్టెన్.

"రానీ."

"నీకు కావలసింది సీటేగా?"

"వాడు వచ్చి, కూర్చోబోయి, ఇరుక్కోవాలి. నలుగురూ చూడాలి. అప్పుడు వాడి నోటితో వాడే అనాలి, నువ్వు కూర్చో అని."

సిక్స్టెన్ అతనికేసి అదోలా చూసి పక్కకి తప్పుకున్నాడు.

వరస ముందుకి కదులుతుండగా హెన్నింగ్ వాళ్ల వ్యాను వచ్చి వెనక ఆగింది. ఎర్లాండ్ తల తిప్పలేదు. ఇంజను మీదకి వంగి, బాగానే ఉన్న కార్బురేటరు మరలు మళ్లీ బిగిస్తూ ఉన్నాడు. వెనక సివ్ గొంతు వినిపించింది.

"నా భుజం పట్టుకోండి. మెల్లగా."

ఎక్కడానికి కూడా పెళ్లాం భుజం కావాలి దొరకి, అనుకున్నాడు. జనం నవ్వు కోసం చెవులు రిక్కించాడు. ఎవరూ నవ్వలేదు. సరే, ఇరుక్కుని కదల్లేక ఉండి ఉంటాడు. కోటు గుండీలు విప్పుకుంటూ, "దిగరా, ఈసారికి నేను కూర్చుంటాలే" అన్న మాట నోట్లో సిద్ధం చేసుకుంటూ, చక్రం చుట్టూ తిరిగి వెనక్కి వెళ్లాడు.

తన బక్క భుజాలకు కొలిచి కట్టిన ఆ బోనులో తమ్ముడు రెండు పక్కలా పిడికిలి పట్టేంత ఖాళీతో కూర్చుని ఉన్నాడు, ఎర్లాండ్ ఎంత లాగినా బెల్టులు ఆ ఒంటికి బిగియలేదు.