నిండు రాయి

నిండుగా ఉన్నదే శుభమైతే, మా పొయ్యిరాయి మీద పప్పు ఉడకడానికి రెండు గంటలు ఎందుకు పడుతుంది? పదకొండేళ్ళుగా ఈ సందేహాన్ని దేవుడికి విన్నవించుకుంటూనే ఉన్నాను. ఆ కోబాల్టు రాయి పొరల్లో లిథియం తగ్గకూడదని రోజూ పసుపు రాసి, అదెంతుందో చూపే అయస్కాంతపు ముల్లును నిండు గుర్తు దగ్గరే నిలిపేవాణ్ణి.

ఆ ఉదయం పక్కింటి మేరీరత్నం, రాయి నుంచి రాయికి లిథియం పారించే తడి పట్టీ పట్టుకుని పరుగెత్తుకొచ్చింది. పెళ్ళికి మూడొందల గారెలు ఒప్పుకుని, అవి త్వరగా వేగాలని తన రాయిలోంచి లిథియం సగానికి మించి లాగేసిందట.

"బాబాయిగారూ, మధ్యాహ్నానికల్లా పొరలు కూలిపోతాయి. పెళ్ళివారి ముందు నా పరువు పోద్ది. మీ రాయిలోంచి కొంచెం ఇప్పించండి!"

"నిండుగా ఉన్నదాంట్లోంచి ఎలా తియ్యనమ్మా?" అన్నాను.

"పూజలు చేసి చేసి దాన్ని ఉత్త రాయిని చేశారు," అంది మా ఆవిడ వకుళ. "నిండితే కరెంటు పారదనీ, కొంత బయటికెళితేనే లోహంలా పనిచేస్తుందనీ రాయి బిగించిన మేస్త్రీ ఎన్నిసార్లు చెప్పాడు! మీరు వింటేగా?"

దేవుణ్ణి తలచుకుని రెండు రాళ్ళకూ పట్టీ కలిపాను. మేరీరత్నం రాయి గండం గడిచింది కానీ, సాయంత్రం దాకా దాని మీద వండకూడదు. ముల్లు దిగిన మా రాయి మాత్రం క్షణంలో వేడెక్కింది.

"చూస్తావేంటే, మూకుడు ఇటు పట్రా!" అంది వకుళ మేరీరత్నంతో.

మా గృహప్రవేశం నాడు కొత్త రాయి మొరాయిస్తే, మేరీరత్నం పొయ్యి మీదే పాలు పొంగించుకున్నాం. ఆమె గారెల మొదటి వాయి మా వంటింట్లో సుయ్‌మన్నప్పుడు ఆ ఋణం తీరింది.