మొదటి చెంచా

"షెఫ్, ఆయన మళ్ళీ వచ్చారు," అంది సర్వర్ అమ్మాయి, వంటగది కిటికీలోంచి తల లోపలికి పెట్టి.

షెఫ్ చేతిలో గరిటె ఆగింది.

బీరుతో పాటు మంచి భోజనమూ పెట్టే ఆ గ్యాస్ట్రోబార్ తలుపులు తీసి ఐదు నిమిషాలు కూడా కాలేదు. బార్ దగ్గర గ్లాసులు తుడుస్తున్న చప్పుడు తప్ప హాల్లో అలికిడి లేదు. వంటగది కిటికీకి ఎదురుగా ఉన్న బల్ల దగ్గర మాత్రం ఆ పెద్దమనిషి అప్పుడే కూర్చుని, రుమాలు ఒళ్ళో పరుచుకుంటున్నాడు.

మూడు వారాలుగా ఇదే వరస. అందరికంటే ముందొస్తాడు. ఆ రోజు వండినవన్నీ కాస్త కాస్త తెమ్మంటాడు. ఒక్కోదాంట్లో ఒక్క చెంచా. ఆపైన ముట్టడు. తెప్పించుకున్న బీరు నురగ చచ్చి అలాగే ఉంటుంది. చివర్లో చిన్న కాగితం మీద ఏదో రాసి, మడిచి, వంటగదిలోకి పంపిస్తాడు.

'సూప్‌లో ఉప్పు చాలలేదు. చేపకు నిమ్మరసం తగ్గించండి.'

కింద పేరుండదు.

మొదటి కాగితం అందిన రోజు షెఫ్‌కు ముచ్చెమటలు పోశాయి. రెండు నెలల కిందట వచ్చిన జ్వరం పోతూ పోతూ అతని నాలుకనీ ముక్కునీ మొద్దుబార్చి పోయింది. ఏది నోట్లో పెట్టుకున్నా తడిసిన అట్టముక్క నమిలినట్టే. పాత అలవాటు మీద చేతికొలతలతో నెట్టుకొస్తున్నాడు. తన గిన్నెలో ఇంకొకరు చెంచా పెడితే మొదటినుంచీ ఊరుకునే మనిషి కాదు కనుక వంటగదిలో ఎవరూ పసిగట్టలేదు. సంగతి తెలిసింది ఇంట్లో భార్య ఒక్కదానికే.

మరి ఈయనకి ఎలా తెలిసింది? తెలిసే రాస్తున్నాడా, తెలియక రాస్తున్నాడా?

ఎవరూ చూడకుండా కాగితంలో ఉన్నట్టే ఉప్పు వేసేవాడు, పులుపు తగ్గించేవాడు. ప్లేట్లు ఖాళీగా తిరిగొచ్చేవి. అయినా లోపల గుబులు తగ్గేది కాదు.

ఎదురు వరసలో కొత్త బార్ ఒకటి తయారవుతోంది. నిన్న ఆ పెద్దమనిషి దాని ముందు నిలబడి చాలాసేపు ఫోన్లో మాట్లాడటం షెఫ్ కళ్ళారా చూశాడు. వెంటనే వెళ్ళి ఓనరమ్మ చెవిన వేశాడు.

"మన వంటలు అక్కడికి మోసుకెళ్తున్నాడు మేడమ్."

"అలాంటివాడు మన తప్పులెందుకు దిద్దుతాడు?"

"దిద్దడం కాదు, నన్ను బెదరగొట్టడం. నేను మానేస్తే వాళ్ళు చేర్చుకోవచ్చని."

ఆ మాట ఓనరమ్మకు గట్టిగానే తగిలింది.

ఈ రోజు ఆమే స్వయంగా ఆ బల్ల దగ్గరికి నడిచింది. షెఫ్ కిటికీ పక్కన నిలబడి చెవులు రిక్కించాడు.

"ఏమనుకోకండి. మీరు రోజూ ఇక్కడికి ఏం పనిమీద వస్తున్నారు?"

"భోంచేద్దామని."

"ఇలా ఎవరూ భోంచేయరండీ."

పెద్దమనిషి చెంచా పక్కన పెట్టాడు.

"షెఫ్ గారు ఏమన్నా అన్నారా?"

"ఆయనకే అనుమానం."

అతను కిటికీ వైపు ఒకసారి చూశాడు. కోపం లేదు. రుమాలు నాలుగు మడతలు పెట్టి బల్ల మీద ఉంచి లేచాడు.

"అయితే ఇక రాను. సూప్‌లో మాత్రం ఉప్పు రెండుసార్లు పడింది. ఎవరికీ పంపొద్దని చెప్పండి."

సర్వర్ అమ్మాయి ఆ మాట మోసుకొచ్చింది.

"పొమ్మన్నారని అక్కసు. ఉప్పు వేసింది నేను, నాకు తెలియదా?" అన్నాడు షెఫ్.

ఒకసారి వేశాడో రెండుసార్లు వేశాడో నిజానికి అతనికి గుర్తులేదు.

కాసేపటికి ఏదో ఆఫీసువాళ్ళు ఇరవైమంది వచ్చారు. ఇరవై గిన్నెల సూప్ బయటికి వెళ్ళింది. ఇరవై గిన్నెలూ అలాగే వెనక్కి వచ్చాయి.

ఓనరమ్మ వంటగదిలోకి వచ్చి, ఎన్నడూ లేనిది, గిన్నెలో చెంచా ముంచింది. నోట్లో పెట్టుకుని సింకు దగ్గరికి పరుగెత్తింది.

"మీరు రుచి చూశారా?"

"చూశాను మేడమ్."

"నా ఎదురుగా చూడండి."

షెఫ్ చెంచాడు సూప్ తాగాడు. మొహంలో ఏ మార్పూ లేదు. ఆమె ఆ మొహాన్నే చూస్తూ ఉండిపోయింది.

"ఎన్నాళ్ళ నుంచి ఇలా?" అంది మెల్లగా.

అతను ఏప్రన్ విప్పి కొక్కేనికి తగిలించి బయటికి నడిచాడు.

ఇంటికి చేరేసరికి భార్య ఫోన్ పట్టుకుని గుమ్మంలోనే ఉంది. కళ్ళు ఎర్రబడి ఉన్నాయి.

"ఆ పెద్దాయన్ని బయటికి పంపించేశావట."

"నీకెవరు చెప్పారు?"

"ఆయనే. రోజూ నాకే ఫోన్ చేసేవాడు, ఇవాళ రైలెక్కాక చేశాడు. ఇక రానన్నాడు. మళ్ళీ చేస్తే ఎత్తడం లేదు."

షెఫ్ చెప్పులు విప్పి లోపలికి వచ్చాడు.

"నీ ఉద్యోగం పోతుందని భయపడి ఆయనకి చెప్పుకున్నది నేనే," అంది ఆమె. "ముప్పయ్యేళ్ళు సాసుల కంపెనీలో రుచి చూసిన నాలుక ఆయనది. మందులేసుకునే ఒంటితో, లాడ్జిలో ఉండి, నీ నాలుక తిరిగొచ్చేదాకా రోజూ వస్తానన్నాడు. తెలిస్తే నువ్వు చిన్నబుచ్చుకుంటావని పేరు కూడా చెప్పొద్దన్నాడు."

"ఎవరాయన?"

"నువ్వెప్పుడూ చూడలేదుగా," అంది ఆమె. "మన పెళ్ళికి రాకుండా, పదకొండేళ్ళు నిన్ను అల్లుడని ఒప్పుకోకుండా భీష్మించుక్కూర్చున్న మా నాన్న."