ఆదివారం చెప్పాల్సిన కథ

కూతురి పక్క దులుపుతుంటే దిండు కింద నుంచి ఓ పుస్తకం జారింది.

అది నేలను తాకకముందే తల్లి గుండె జారింది.

నలుపు తెలుపు బొమ్మల పుస్తకం. అక్షరాలు ఆమెకు రాని భాషలో ఉన్నాయి. అయితేనేం, బొమ్మలు చూడ్డానికి చదువెందుకు? మంచం అంచున కూర్చుని, అట్ట తిప్పి వరసగా చూసుకుంటూ పోయింది.

ఓ పిల్ల తల్లిని వాటేసుకుని ఉంది. తర్వాత గడప దగ్గర ఉంది. తర్వాత ఒంటరిగా వీధుల్లో. తర్వాత ఏటి గట్టున. మోకాళ్ల దాకా నీళ్లు. పీకల దాకా నీళ్లు.

చివరి పేజీలో పిల్ల లేదు. ఉత్త నీళ్లే.

"ఎవరిచ్చారే నీకిది?" వంటింట్లోకి పరుగెత్తుకొచ్చి అడిగింది.

"టోపీ అంకుల్."

"వాడెవడు?"

"లైబ్రరీలో ఆదివారాలు కూర్చుంటాంగా. ఈ మధ్య ఏ కామిక్ చదివామో ఒకళ్లకొకళ్లు చెప్పుకుంటాం. ఇది మాంగా, జపాను వాళ్లది. ఈ ఆదివారం నేనే చెప్పాలి."

"టోపీ పెట్టుకున్నవాడు ఎవరికో ఒకరికి టోపీ పెట్టక మానడు."

పేపరు వెనక నుంచి భర్త నవ్వాడు. "నీ భయాలకు వారానికో సెలవన్నా ఇవ్వవే, పాపం."

"మీకేం, నవ్వుతారు. కడుపు చించుకు కన్నది నేను."

పరీక్ష తప్పిన కొత్తల్లో పిల్ల గది తలుపేసుకుని, పిలిస్తే పలికేది కాదు. రెండు నెలలుగానే కాస్త తిని, కాస్త నవ్వుతోంది. రాత్రీ పగలూ తను కాసిన కాపలా ఫలించిందనుకుంది తల్లి. ఇప్పుడేమో ఇది!

ఆదివారం పిల్ల వెనకే, నాలుగడుగుల దూరంలో తనూ నడిచింది.

లైబ్రరీ మేడ మీద గుండ్రటి బల్ల చుట్టూ అరడజను మంది. తలుపు పక్కన నిలబడి చెవులు రిక్కించింది.

"ఒక్క మాట కూడా లేని కామిక్ చదివా," అంటోంది రొట్టెల దుకాణం ఆవిడ. "ఓ ముసలాయన, ఆయన కుర్చీ. అంతే కథ. వెక్కి వెక్కి ఏడ్చాననుకో."

"కుర్చీ కోసమా?" అన్నాడు కరెంటు పనివాడు. "మా ఇంటికి రా తల్లీ, కాళ్లు విరిగినవి నాలుగున్నాయి. తీరిగ్గా ఏడవచ్చు."

అందరూ ఘొల్లున నవ్వారు. ఉన్ని టోపీ పెట్టుకున్న యాభై ఏళ్లాయన మాత్రం పిల్ల వైపు తిరిగి కూర్చున్నాడు.

"నువ్వు చెప్పమ్మా. ఈ వారం ఏం చదివావు? ఏమైందందులో?"

పరాయి పిల్లను అంత ఆత్రంగా ఎవడన్నా అడుగుతాడా! తల్లి ఇక ఆగలేదు.

"నేను చెప్తా ఏమైందో! పిల్ల ఇల్లు వదిలి నీళ్లలో మునిగిపోయింది. ఎదిగే పిల్లకు ఇవ్వాల్సిన పుస్తకమేనా ఇది? మీ ఇంట్లో ఆడపిల్లలు లేరా?"

"అమ్మా, ఆపు!"

ఆయన లేచి నిలబడ్డాడు. ఏదో చెప్పబోయి పిల్ల ముఖం చూశాడు. పిల్ల వద్దన్నట్టు తలూపింది. ఆయన నోరు మూసుకున్నాడు.

"చూశారా? సమాధానం లేదు!" అంది తల్లి.

లైబ్రేరియన్ చేతులు నలుపుకుంటూ టోపీ ఆయన వైపు తిరిగాడు. "గొడవలెందుకండీ... మీరు కొన్నాళ్లు రాకండి."

ఆయన సరేనన్నాడు. వెళ్తూ వెళ్తూ పిల్లతో ఒక్క మాటన్నాడు. "చదవడం ఆపకు. ఎవరికో ఒకరికి చెప్తూ ఉండు."

పిల్ల మళ్లీ గది తలుపేసుకుంది.

తల్లి తలుపు బయటే చాప వేసుకుంది. లోపల కుర్చీ కదిలినా ఉలిక్కిపడేది. కదలకపోతే ఇంకా భయపడేది.

మూడో రోజు తలుపు తెరుచుకుంది. పిల్ల చేతిలో ఆ పుస్తకమే.

"ఎక్కణ్నుంచి చూశావమ్మా దీన్ని?"

"ఎక్కణ్నుంచేంటే? మొదటి నుంచి."

"నీ మొదలు దీనికి చివర. మాంగాను ఇటు, కుడి వైపు నుంచి చదవాలి."

పుస్తకాన్ని అటు తిప్పి పేజీలు తీసింది. ఉత్త నీళ్లు. నీళ్లలోంచి ఓ తల. పీకల దాకా, మోకాళ్ల దాకా, గట్టు మీదకు. వీధులు. గడప. తల్లి ఒడి.

"పిల్ల ముఖం ఎటుందో చూడు. ప్రతి బొమ్మలోనూ ఇంటి వైపే."

తల్లి చెప్పులు వేసుకోవడం కూడా మరిచి లైబ్రరీకి పరుగెత్తింది.

"ఆయనా? నిన్ననే ఊరు వదిలి వెళ్లాడండీ," అన్నాడు లైబ్రేరియన్. "వంతెనకు రంగులేసే పని మీద వచ్చాడు. పనైపోయింది. తర్వాత ఏ ఊరో ఆయనకే తెలియదన్నాడు."

కాళ్లీడ్చుకుంటూ ఇల్లు చేరింది. ఇన్నాళ్లలో తనకు తట్టని ప్రశ్న అప్పుడు తట్టింది.

"ఆయన నీకు ఎక్కడ పరిచయమే?"

పిల్ల పుస్తకం మూసి ఒళ్లో పెట్టుకుంది.

"వంతెన మీద. రెండు నెలల కిందట, ఓ సాయంత్రం. నన్ను చూసి బ్రష్షు కింద పెట్టాడు. ఏమీ అడగలేదు. సంచిలోంచి ఓ కామిక్ తీసి, 'నేను సగమే చదివాను, చివర ఏమవుతుందో ఆదివారం వచ్చి చెప్తావా?' అని చెయ్యి చాచాడు."

"తీసుకున్నావా?"

"తీసుకున్నా. అది అందుకోవాలంటే నేను రెయిలింగు దాటి ఇవతలికి రావాల్సి వచ్చిందమ్మా."