ముప్పైమందికి ఒకే తలుపు

ఎండెక్కకముందే ఉమాపతి నేల మీద ఫ్యాక్టరీ గీసేశాడు. కాగితం మీద గీసినట్టు చిన్నది కాదు. అరవై అడుగుల పొడవు, ఇరవై నాలుగు అడుగుల వెడల్పు, అసలు కొలతల్లోనే.

నల్లటి నేల మీద తెల్లటి సున్నం గీతలు. అవే గోడలు. గాలికి సున్నం ఎగిరిపోకుండా పైన నీళ్లు చిలకరించాడు. సముద్రపు గాలి పొగను ఊరి బయటికి తోసుకుపోవాలని బట్టీ పడమర మూల. దాని పక్కన కాల్చిన జీడిపిక్కలు ఆరబోసే గచ్చు. మధ్యలో పిక్కలు కొట్టే ఆడవాళ్లు కూర్చునే రెండు వరసలు. తూర్పు గోడలో రెండు రాళ్లు పెట్టి, వాటి మధ్య మూడడుగుల ఖాళీ వదిలాడు. అది తలుపు.

ఒకటే తలుపు. గొడవంతా దాని గురించే.

టెక్కలిలో ప్లాన్లు గీసుకుని బతికే మనిషి ఉమాపతి. కొలత దగ్గర అంగుళం కూడా ఒప్పుకోడు. మొదట్లో రెండు తలుపులే గీశాడు. కాశీబుగ్గ జీడిపప్పు వ్యాపారి గోవిందరావు రెండోదాన్ని చూడగానే కొట్టేయమన్నాడు.

"రెండు తలుపులుంటే ఇద్దర్ని కాపలా పెట్టాల. పప్పు ఏ కొంగులో ఎటెల్లిపోతాదో ఎవడికి తెలుసు?"

ఉమాపతి ఒకసారి కాదన్నాడు. రెండోసారి నోరు మూసుకున్నాడు. తలుపు చెరిపేసి, కింద సంతకం పెట్టాడు. పెద్దమనిషితో తగువెందుకు అనుకుంటే ఇలాగే ఉంటుంది మరి. ఇప్పుడా సంతకం మెడకు చుట్టుకుంది. శ్రీకాకుళం నుంచి వచ్చిన ఆఫీసరు ఆ కాగితమే చేతిలో పట్టుకుని నిలబడ్డాడు.

"ముప్పైమందికి ఒక్క తలుపా?"

"సరిపోతాది సార్. రోజూ రావడం లేదా, పోవడం లేదా?" అన్నాడు గోవిందరావు.

"మాటలు వద్దు. కళ్లతో చూద్దాం." ఆఫీసరు ఉమాపతి వైపు తిరిగాడు. "బట్టీ దగ్గర జీడిపెంకుకి నిప్పంటుకుంటే, షెడ్డంతా పాకడానికి ఎంతసేపు పడుతుంది?"

ఉమాపతి బట్టీ మూల వైపు చూశాడు. దగ్గి, "ఒక్క నిమిషమండీ. పెంకునిండా నూనే కదా" అన్నాడు.

"అయితే నిమిషంలో ముప్పైమందీ బయటికి రావాలి. వస్తే మీ ప్లానులో తప్పు లేదని రాస్తాను. ఒక్కరు లోపల మిగిలినా తప్పు మీ ఇద్దరిదీ."

ఉమాపతికి కంటినిండా నిద్ర పట్టి చాలా రోజులైంది. పేరు పోతే పోయింది, పని పోతే పోయింది. అందరూ బయటపడితే చాలు, ఆ ఒక్కటీ కళ్లారా చూస్తే చాలు అనుకున్నాడు.

ఆడవాళ్లను కూర్చోబెట్టేసరికి తలప్రాణం తోకకొచ్చింది. పనివాళ్లు సరిపడా రాలేదు. తక్కువైన చోట్లకి బజారులో కూరలమ్ముకునేవాళ్లను బతిమాలి తెచ్చారు. ఎవరెక్కడ కూర్చోవాలో వరహాలమ్మ చూపిస్తోంది. పిక్కలు కొట్టేవాళ్లందరికీ ఆవిడే పెద్ద. జీడిపెంకు నూనె తినేసి ఆవిడ వేళ్లు నల్లగా మొద్దుబారిపోయాయి.

"కమలా, నువ్వు సివర్న. బట్టీ కాడ."

కూరలమ్మే కమల కదల్లేదు. "నానక్కడ కూకోను పిన్నీ. మరో సోటు సూపించు."

"ఎవులో ఒకులు కూకోవాల గదే. కూకో."

వరహాలమ్మ భుజం మీద చెయ్యేసి కూర్చోబెట్టింది. కమల కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, బిక్కుబిక్కుమంటూ కూర్చుంది.

ఆఫీసరుకి ఇంకో అనుమానం వచ్చింది. "ఇవి ఉత్త గీతలు. తొందరలో గోడల మీంచి నడిచి వచ్చేస్తేనో?"

"రారండి. మనకిది సున్నం, వాళ్లకి ముగ్గు. ముగ్గు తొక్కరు" అన్నాడు ఉమాపతి.

ఆఫీసరు గడియారం చేతిలోకి తీసుకుని ఈల ఊదాడు.

ముప్పైమందీ ఒక్కసారి లేచారు. బుట్టలు దొర్లాయి. రాళ్ల దగ్గర ఒకరి మీద ఒకరు పడ్డారు. ఎవరిదో గాజు చిట్లింది. అంత తొక్కిసలాటలోనూ ఒక్క పాదం గీత మీద పడలేదు. ఒకరి నడుం ఒకరు పట్టుకుని, పక్కకి ఒరిగి, ఆ మూడడుగుల్లోంచే వస్తున్నారు.

"ఇరవై సెకండ్లు" అన్నాడు ఆఫీసరు. పదకొండుమంది వచ్చారు.

"నలభై." ఇరవైమూడు.

"రండమ్మా, రండి, రండి" అని ఉమాపతి తనలో తను గొణుక్కుంటున్నాడు. కమల ఇంకా లోపలే ఉంది. చీరంచు కాలికి తగిలి బోర్లా పడింది. లేచింది. ముందున్న ఆవిడ వెనక్కి తిరిగి, ఆమె చెయ్యి పట్టి లాగింది.

"యాభై."

యాభై నాలుగో సెకండుకి కమల రాళ్లు దాటింది. లోపల ఎవరూ లేరు.

"సెప్పానా సార్!" అన్నాడు గోవిందరావు. పై కండువాతో మెడ తుడుచుకున్నాడు. "ఒక్క తలుపు సాలు. ఆడోళ్లు కంగారుపడితే దానికి నానేటి సేత్తాను?"

ఉమాపతి ఉన్నచోటే చతికిలబడ్డాడు. ఏడుపొచ్చింది. నలుగురూ చూస్తున్నారని కూడా అనుకోలేదు. తన లెక్క తప్పలేదు. మూడడుగులు సరిపోయాయి.

ఆఫీసరు కలం మూత తీశాడు. కాగితాన్ని అట్ట మీద పెట్టుకుని, "తలుపు చాలును" అని రాయబోయాడు.

వరహాలమ్మ వచ్చి ఆ రెండు రాళ్ల మధ్య నిలబడింది.

"మావోళ్లు ఇక్కడ కాలిపోయిన దినం ఎలాగయిందో అలాగే సూడాలంటే, ముందల ఈ తలుపుకి బయట నుంచి తాళం ఏయించి, అప్పుడు ఈల ఊదండి బాబూ."