నీళ్ళు కట్టేసిన రోజు

"ఈ రెండు డబ్బాలూ ఇవాళ ఆ గొట్టాల్లోకి పోవాలి. లేదంటే మీ అక్క ఇంట్లోకి వస్తుంది, నేను బండిలోకి పోతాను. ఏదో ఒకటి తేల్చుకో!"

మార్లిస్ గులాబీరంగు మందు డబ్బాలు మొగుడి చేతుల్లో పెట్టి, పెరటి తలుపు తీసి పట్టుకుంది.

ఎల్రాయ్ గడప దగ్గరే నిలబడిపోయాడు. పెరట్లో వాళ్ళ మోటర్‌హోమ్ ఉంది, వంటగదీ పడకా అన్నీ ఉన్న ఇల్లులాంటి బండి. అందులో అక్క ఆర్డిస్ ఉంది. నాలుగు రోజులుండి పోతానని జులైలో దులూత్ నుంచి తన కారులో వచ్చింది. ఇప్పుడు అక్టోబరు కూడా వెళ్ళిపోతోంది గానీ ఆవిడ వెళ్ళడం లేదు. ఈ రాత్రి మిన్నెసోటా ఉత్తరమంతా గడ్డకట్టుకుపోతుందని రేడియోలో ఒకటే మోత. బండి గొట్టాల్లో నీళ్ళు తీసేసి, గడ్డకట్టని ఆ మందు నింపకపోతే తెల్లారేసరికి ఒక్క గొట్టం మిగలదు. నింపితే బండిలో చుక్క నీళ్ళుండవు. నీళ్ళు లేని బండిలో మనిషెలా ఉంటుంది? మందు పోయడమంటే అక్కని పొమ్మనడమే.

"ఆ మాటేదో నువ్వే చెప్పరాదూ?" అన్నాడు బతిమాలుతూ.

"నేనా? ఆడపడుచుని వెళ్ళగొట్టిందని చర్చిలో అందరూ చెప్పుకోవాలా? అయినా, ఆవిడ బయల్దేరతానన్నప్పుడల్లా 'అంత తొందరేముంది' అన్నదెవరు?"

"మరి అనకపోతే ఏం బాగుంటుంది? నువ్వు మాత్రం వెంటనే ఇంకో ఆపిల్ పై ముక్క కోసి పెట్టలేదూ?"

బయల్దేరతానన్న చుట్టాన్ని ఆపకపోవడం ఆ ఊళ్ళో దొంగతనం కంటే పెద్ద తప్పు. మార్లిస్ మొగుణ్ణి బయటికి నెట్టి తలుపేసుకుంది.

బండిలో ఆర్డిస్ ఉన్ని చేతితొడుగు అల్లుకుంటోంది. తమ్ముణ్ణి చూసి ఫ్లాస్కులోంచి కాఫీ వంచింది.

"చలి ముదిరిందక్కా," అన్నాడు ఎల్రాయ్ కూర్చుంటూ.

"ముదిరింది."

"గాలి ఉత్తరం నుంచి కొడుతోంది."

"ఇంకెట్నుంచి కొడుతుందిరా?"

"అదీ నిజమే."

అక్కడ ఎంత కష్టమైన మాటయినా వాతావరణం మీదుగానే రావాలి. ఎల్రాయ్ గాలి దాటాడు, మంచు దాటాడు, పోయినేటి మంచు కూడా దాటాడు. కాఫీ రెండు కప్పులైంది. ఇంకా నీళ్ళు నములుతూనే ఉన్నాడు.

"ఆ డబ్బాలేమిట్రా, చంటిపిల్లల్లా ఒళ్ళో పెట్టుకు కూర్చున్నావు?"

"ఇవా? మరేం లేదు. గొట్టాలు..."

"ఏమయ్యాయి గొట్టాలు?"

"ఏం కాలేదు. అవుతాయేమోనని."

"అవుతాయేమోనని?"

వంటింటి కిటికీలో మార్లిస్ చేతులు కట్టుకుని నిలబడి ఉంది. ఎల్రాయ్ కళ్ళు గట్టిగా మూసుకున్నాడు.

"నీళ్ళు కట్టేస్తున్నానక్కా! ఇవాళే! ఇప్పుడే!"

అల్లిక ఆగిపోయింది.

"అంటే, నేను వెళ్ళాలంటావు."

'అంత తొందరేముంది, ఇంట్లో గది ఖాళీగానే ఉందిగా' అన్న మాట ఎల్రాయ్ నాలుక చివరిదాకా వచ్చేసింది. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ ఉన్న అలవాటు మరి. నాలుక కరుచుకుని దాన్ని మింగేశాడు.

"తప్పదక్కా."

ఆర్డిస్ మొహం అటు తిప్పుకుంది. భుజాలు కదిలాయి. ఏడుస్తోందనుకుని ఎల్రాయ్ సిగ్గుతో చచ్చిపోయాడు. చిన్నప్పుడు చెయ్యి పట్టుకుని మంచు మీద నడక నేర్పిన అక్క! ఇంకో నిమిషం అక్కడుంటే అంతా పాడు చేస్తానని డబ్బాలు తీసుకుని కిందకి దిగిపోయాడు.

నాలుగడుగులు వేశాక గానీ తెలియలేదు, గుండెల మీంచి ఎంత బరువు దిగిందో. చెప్పేశాడు! నోటితో, మాటల్లో, పొమ్మని చెప్పేశాడు! కిటికీలో మార్లిస్ బొటనవేలు పైకెత్తి చూపించింది. చాలాకాలానికి ఆవిడ మొహంలో నవ్వు చూసి ఎల్రాయ్‌కి ప్రాణం లేచొచ్చింది.

ఈల వేసుకుంటూ బండి కింద అట్టముక్క పరుచుకుని పడుకున్నాడు. బకెట్ పెట్టి, ఏటా తడిసినట్టే ఈసారీ చొక్కా తడుస్తుందని మొహం పక్కకి తిప్పుకుని, నీళ్ళు వదిలే బిరడా తిప్పాడు.

నీళ్ళు రాలేదు. రెండు చుక్కలు పడ్డాయి. గులాబీరంగువి.

లేచి గీజర్ మూత విప్పాడు. ఎండిపోయి ఉంది.

ముందే తనే పోసేసి మరిచిపోయాడా? డెబ్బై దాటాక ఆయన దేవుణ్ణి రోజూ వేడుకునేది ఈ ఒక్కటి జరగకూడదనే. గబగబా బండెక్కి సింకు ట్యాప్ తిప్పాడు. గులాబీ. బాత్రూమ్ ట్యాప్ తిప్పాడు. అక్కడా గులాబీయే. చేతుల్లో డబ్బాల సీలు మాత్రం తీయనే లేదు.

వెనక్కి తిరిగేసరికి ఆర్డిస్ కోటు తొడుక్కుని, పెట్టె పక్కన పెట్టుకుని నిలబడి ఉంది. ఏడ్చిన ఛాయలే లేవు.

"అక్కా," అన్నాడు ఎల్రాయ్. "మందు పోసే ఉంది. నాకు మతి పోతోందంటావా?"

"నీ మతికేం కాలేదురా నాయనా," అంది ఆర్డిస్, కారు తాళాలు తీసుకుంటూ. "పొద్దున మీరు చర్చికి వెళ్ళగానే నేనే డబ్బాలు కొనుక్కొచ్చి పోశాను. నీళ్ళు లేవంటేనన్నా మీరిద్దరూ నన్ను మా ఇంటికి పోనిస్తారని!"